హైలె ఒకరిది, స్సా ఒకరిది

చెప్పండి చూద్దాం. ఒక అల మీ ఇంటిని ఊపేస్తోంది. దాన్ని అణచడానికి మీరు ఇంకో అలను పంపాలి. ఎలాంటి అలను పంపుతారు? "దానికంటే పెద్దదాన్ని!" అంటారా? సరిగ్గా ఈ మాటే అన్నాడు నక్కమామ. ముందు కథ వినండి, తర్వాత వాదిద్దాం.

తుంగకోన అనే అడవిలో దున్నలు, ఏనుగులు, నక్కలు, కప్పలు, నీటికోళ్ళు ఉండేవి. అడవి మధ్యలో ఒక మడుగు. దాని గట్ల నిండా తుంగ. మడుగుకు సరిగ్గా నడుమ, తుంగపోచలతో అల్లిన ఒక గూడు నీటి మీద తేలుతూ ఉండేది. అది నీలాల అనే నీటికోడిది. గూట్లో నాలుగు గుడ్లు. పిల్లలు బయటికి రావడానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

అది ఎండాకాలం. జోరీగల బాధ పడలేక గండడు అనే అడవిదున్న తూర్పు గట్టున నీళ్ళలో దిగాడు. కాలు ఎత్తడం, దించడం. ఎత్తడం, దించడం. ధబ్... ధబ్... ధబ్. ఒక్కో దెబ్బకు ఒక్కో అల. ఒక్కో అలకు గూడు లేచి పడేది.

"దున్నన్నా, కాస్త ఆగవా? నా గుడ్లు దొర్లిపోతున్నాయి," అంది నీలాల.

"ఆగమని ఆ జోరీగలకు చెప్పు," అన్నాడు గండడు. కాలు ఆగలేదు.

అడవి సభ కూడింది. అక్కడ ఏ పనికైనా 'హైలెస్సా' పలికేది నక్కమామే. పడిన చెట్టును నెట్టాలన్నా, ఊబిలో దిగబడ్డ జింకను లాగాలన్నా, ఆయన 'హైలె' అంటే అందరూ కాలు ఎత్తాలి, 'స్సా' అంటే అందరూ దించాలి. అందరిదీ ఒకే అడుగు. ఆ అడవికి అదే ఆచారం, మామకు అదే గర్వం.

"అలకు అలే మందు," అన్నాడు మామ. "ఏనుగమ్మ పడమటి గట్టున కాలు వేస్తుంది. ఆ పెద్ద అల ఎదురెళ్ళి దున్న అలను గుద్ది వెనక్కి తరిమేస్తుంది."

గూటికి తూర్పున, రెండు మూరల దూరంలో, తుంగలో చిక్కుకున్న చిన్న మొద్దు ఒకటి తేలుతోంది. మామ ఈదుకుంటూ వెళ్ళి దానిమీద నిలబడ్డాడు. గండడి కాలు చూసి, అలవాటు కొద్దీ అదే తాళం పట్టాడు.

"హైలె..." రెండు కాళ్ళూ లేచాయి. "స్సా!" రెండూ పడ్డాయి.

రెండు అలలూ ఒకేసారి గూటి కిందికి చేరాయి. పొంగు మీద పొంగు ఎక్కింది. గూడు రెట్టింపు ఎత్తు లేచింది. రెట్టింపు లోతుకు దిగింది. ఒక గుడ్డు దొర్లి నీళ్ళలో పడి మునిగిపోయింది.

"ఆపండి! మీకు దణ్ణం పెడతాను, ఆపండి!" అని అరిచింది నీలాల.

విచిత్రం, మామ నిలబడ్డ మొద్దు మాత్రం పైకీ లేవలేదు, కిందికీ దిగలేదు. "ఏమే పిల్లా, ఏమిటా గోల? అల ఏదీ? నా కాళ్ళ కింద నీళ్ళు తోడుకున్న పెరుగులా ఉంటే!" అన్నాడు మామ. "గుడ్లు సరిగ్గా పొదగడం రానిదానివి, అల మీద నెపం పెడతావేం?"

నీలాల ఏడ్చింది. ఏడుస్తూనే నీళ్ళను చూసింది.

గూటి పక్కన ఒక తామరాకు. ఎన్ని అలలు వచ్చిపోయినా ఆకు ఉన్నచోటే లేచి పడుతోంది. అంటే గట్టు నుంచి వచ్చేది నీళ్ళు కాదు, నీళ్ళ ఊపు. ఎదురెదురుగా వచ్చిన రెండు అలలు గుద్దుకుని వెనక్కి పోవడం లేదు. ఒకదానిలోంచి ఒకటి దాటి, దేని దారిన అది పోతోంది. అలను అల తరమదు. కలిసిన చోట మాత్రం కలుస్తుంది. పొంగుకు పొంగు తోడైతే రెట్టింపు. మరి పొంగుకు పల్లం తోడైతే?

"ఏనుగమ్మా!" అని పిలిచింది. "గండడు కాలు దించినప్పుడు నువ్వు ఎత్తు. అతను ఎత్తినప్పుడు నువ్వు దించు. హైలెకు నీ కాలు, స్సాకు అతని కాలు పడాలి. అతనెంత బలంగా వేస్తే నువ్వూ అంతే. వీసమెత్తు ఎక్కువ వద్దు."

మామ పగలబడి నవ్వాడు. "విన్నారా, అడుగు తప్పమంటోంది! అడుగు తప్పితే అడవి నిలుస్తుందా?"

"తప్పమనలేదు మామా, తాళం అదే, అడుగే ఎదురు," అంది ఏనుగమ్మ. "ఇందాక మొద్దు మీద ఉన్నవాడి మాట విన్నాం, ఒక గుడ్డు పోయింది. ఇప్పుడు గూట్లో ఉన్నదాని మాట విందాం."

గండడి కాలు పడింది, ఏనుగమ్మ కాలు లేచింది. గండడి పొంగు గూటికి చేరే వేళకు ఏనుగమ్మ పల్లం కూడా చేరింది. గూడు ఒకసారి ఊగింది. ఇంకోసారి ఊగింది. ఆగిపోయింది. గండడు ధబ్‌ధబ్‌మంటూనే ఉన్నాడు. మూడు గుడ్లూ కదల్లేదు.

"మాయమాటలు!" అన్నాడు మామ. "అల లేకుండా పోయిందట! పోతే ఎక్కడికి పోయిందో చె..."

మాట పూర్తి కాలేదు. అల ఎక్కడికీ పోలేదు. గూటి దగ్గర పల్లంతో కలిసిన పొంగు, మొద్దు దగ్గర పొంగుతో కలిసింది. ఇందాక పెరుగులా ఉన్న చోటే ఇప్పుడు రెట్టింపు ఎత్తున లేచింది. మొద్దు ఎగిరింది. మామ మడుగులో పడ్డాడు.

చెవులకు తుంగ వేలాడుతూ గట్టెక్కిన మామను కప్పలు చుట్టుముట్టి అడిగాయి: "మామా, మామా, అల ఏదీ?"

జోరీగలు ముసిరినప్పుడల్లా ఏనుగమ్మ వచ్చి ఎదురు అడుగు వేసింది. మూడో రోజున మూడు పిల్లలు గూట్లోంచి తొంగి చూశాయి. వాటిని ఈతకు తీసుకెళ్తూ, నాలుగో గుడ్డు మునిగిన చోట నీలాల కాసేపు ఆగింది.

ఇప్పుడు తుంగకోనలో హైలెస్సా పలికేది నీలాలే. పలికేముందు తప్పకుండా ఒక మాట అడుగుతుంది: "అల తగులుతున్నది ఎవరికి? ముందు వాళ్ళను చెప్పనివ్వండి."

నీతి: ఎదిరించడమంటే అవతలివాడి అడుగులోనే ఇంకాస్త గట్టిగా అడుగు వేయడం కాదు, మన కాళ్ళ కింద అల లేదని ఎవరికీ లేదనడం అంతకంటే పెద్ద తప్పు. కాబట్టి రేపు ఎవరైనా "నా గూడు ఊగుతోంది" అంటే, వాదన తర్వాత, ముందు మీ మొద్దు దిగి వెళ్ళి వాళ్ళ గూట్లో కూర్చుని చూడండి.