చిల్లుల బనియను

మండువేసవిలో చేను ఎండిపోతుంటే, కాలవ నీళ్ళు వదిలించమని అడగడానికి పైడయ్య జమీందారుగారి కచేరీకి పరిగెత్తాడు. ఒంటిమీద ఉన్నది బనియనొక్కటే, దానికీ చిల్లులే. అతను నోరు విప్పకముందే జరీకోటులో ఉన్న జమీందారు మండిపడ్డాడు.

"చిల్లుల బనియనుతో నా ముందుకొస్తావా? మంచిది తొడుక్కునిరా, అప్పుడు వింటాను!"

పైడయ్య చేతులు కట్టుకున్నాడు. "చిత్తం దొరా. మంచి బనియను ఎలా ఉంటుందో నేను చూసిన పాపాన పోలేదు. తమరొక్కసారి కోటు విప్పి చూపిస్తే, అచ్చం అలాంటిదే తొడుక్కునొస్తాను."

కచేరీలోని పెద్దమనుషులందరి చేతులూ మెడ బొత్తాల మీదికి పోయాయి. చెమటలు కారిపోతున్నా జమీందారు తన కోటుకున్న ఆఖరి బొత్తాం కూడా పెట్టేసుకుని, "ముందు వీడి చేనుకు నీళ్ళు వదలండిరా!" అని అరిచాడు.