తప్పుల కుండ

ఉప్పుమళ్ల ఊరికి వాన కబురు చెప్పేది ఒక అవ్వ. గాలి చూసి, ఎండ చూసి, సముద్రం పోటు చూసి, వేళ్ల మీద లెక్కేసి చెప్పేది. "కప్పండర్రా!" అందా, ఊరంతా ఉప్పురాశుల మీద తాటాకులు కప్పాల్సిందే. కప్పితే ఆ పూట పని పోతుంది. కప్పనినాడు వాన పడితే ఉప్పే పోతుంది.

పెద్ద మబ్బుల సంగతిలో అవ్వ మాటకి తిరుగులేదు. చిక్కల్లా పిల్లమబ్బులతోనే. అరచేయంత ఉంటాయి, ఎక్కణ్ణుంచి ఊడిపడతాయో ఏమో, ఆమె లెక్కకి అందవు. మాట తప్పిన ప్రతిసారీ ఆనాటి గాలీ ఎండా, తను చెప్పిందీ జరిగిందీ పెంకు మీద గీసి, కుండలో వేసి మంచం కింద దాచేది. సిగ్గు మరి. నలభై ఏళ్ల సిగ్గు!

ఆ ఏడాది పిల్లమబ్బుల వానకి రెండు రాశులు కరిగిపోయాయి. మిగిలింది ఒక్కటే. అదీ పోతే ఊళ్లో పొయ్యి వెలగదు.

అప్పుడు అవ్వ ఇంటి చూరు మీద ఒక గోరింక వాలింది. "విన్నది వల్లించే పిట్ట, దీనికేం తెలుసు?" అని ఊరు నవ్వింది.

"అవ్వా, ఆ మంచం కింద కుండ చూపించవూ?" అంది గోరింక లోపలికి తొంగిచూసి.

అవ్వ మొహం మాడిపోయింది. "నా ఒప్పులు అడగవే, బోలెడు చెబుతా."

"అవి నీకు వచ్చు కదా. నీకు రానిదే నేను నేర్చుకోవాలి."

'నా పరువు పోతే పోయింది, ఊరి ఉప్పు దక్కనీ' అనుకుని అవ్వ కుండ బయటికి లాగింది. గోరింక తొమ్మిది రోజులు పెంకులన్నీ తిరగేసింది.

పదో రోజు పొద్దున్న అవ్వ, "ఇవాళ వాన లేదు" అంది.

"నీ లెక్క బాగానే ఉందవ్వా. కానీ ఇలాంటి గాలి వీచినప్పుడల్లా నువ్వు తప్పావు. కప్పించు."

అవ్వ గొంతెత్తి అరిచింది. ఆఖరి తాటాకు పడిందో లేదో, పిల్లమబ్బు కుమ్మరించేసింది. ఉప్పు దక్కింది.

అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా సిగ్గంతా గింజల్లా ఏరుకు తిన్నావే తల్లీ! నీ మేలు మరిచిపోను."

"నువ్వు పారెయ్యలేదు కాబట్టే నాకు దొరికాయి, అవ్వా."

మరుసటి వారం గోరింక కప్పించమంది. చుక్క రాలలేదు. పని పోయిందని జనం గొణిగారు. గోరింక తల దించుకుంది.

అవ్వ లోపలికెళ్లి ఒక కొత్త కుండా, ఒక పెంకూ తెచ్చి, గోరింక తప్పిన సంగతి గీసి అందులో వేసింది. కుండని మాత్రం మంచం కింద పెట్టలేదు. అందరూ చూసేలా గుమ్మం ముందు, మూత లేకుండా పెట్టింది.