పెంచలమ్మ విప్పిన మూట

అనగా అనగా, రాజులూ కంప్యూటర్లూ ఒకే కాలంలో ఉన్న రోజుల్లో, కుంకుమగిరి రాజ్యంలో ఇంటింటికీ ఒక లినక్స్ కంప్యూటర్ ఉండేది. అందులోకి ఏ ప్రోగ్రాం రావాలన్నా, ఏ అప్‌డేట్ దిగాలన్నా రాజుగారి కొట్టు నుంచే రావాలి. ఆ కొట్టును చూసుకునేది పెంచలమ్మ.

వచ్చిన ప్రతి ప్రోగ్రాం మూటనూ ఆవిడ విప్పేది. లోపలున్నదంతా చదివేది. తన పాత కంప్యూటర్‌లో నడిపి చూశాకే రాజముద్ర వేసేది. ఆర్నెల్లు పట్టినా సరే, తొందరపడేది కాదు.

ఒకనాడు ప్రోగ్రాములు చేసే ముగ్గురు రాజు దగ్గరికి వెళ్ళారు. ఉత్తరాల ప్రోగ్రాం శంభన్నది, బొమ్మలది నీలప్పది, పాటలది వేలుపయ్యది.

"ఏలికా, ఎండాకాలంలో నేను సరిచేసిన తప్పుకి జనం చలికాలంలోనూ నన్నే తిడుతున్నారు. సరిచేసిన మూట ఆవిడ కొట్టులో మగ్గుతోంది," అన్నాడు శంభన్న.

ఇకపై ఎవరి మూట వాళ్ళే ఇళ్ళకు పంపుకోమన్నాడు రాజు. నెల్లాళ్ళు సాఫీగా సాగితే కొట్టు మూసేస్తానన్నాడు.

పెంచలమ్మకు కూర్చుంటే నిలకడ లేదు, నిలుచుంటే నిమ్మళం లేదు. మొదటి వారం శంభన్న పొద్దున చేసిన అప్‌డేట్ మధ్యాహ్నానికి ఇళ్ళకు చేరింది. రెండో వారం నీలప్ప బొమ్మలకు కొత్త రంగులొచ్చాయి. పక్కింటావిడ వచ్చి, "నీ ముద్ర లేకపోయినా సూర్యుడు పొడిచాడే పెంచలమ్మా," అని దెప్పిపోయింది. అందులో కొంత నిజముంది కాబట్టి ఆ మాట మరీ లోతుగా గుచ్చుకుంది.

మూడో వారం దొంగలు ఆ కంప్యూటర్లలోకి దారి కనిపెట్టారు. రహస్యాలు దాచడానికి అన్ని ప్రోగ్రాములూ వాడే చిన్న ప్రోగ్రాం ముక్క, తాళం లాంటిది, ఒకటుంది. దానిలోని బీటే ఆ దారి. పెంచలమ్మ కొట్టులో ఆ ఒక్క తాళం మార్చేసరికి, కొట్టు ప్రోగ్రాములన్నీ ఒక్క పూటలో గట్టిపడ్డాయి. ఆ ముగ్గురూ మాత్రం అదే తాళానికి నకలు తీసి, ఎవరి మూటలో వాళ్ళు కుక్కి పంపారు. శంభన్న ఆ రోజే మార్చాడు. నీలప్పకు మూడు రోజులు పట్టింది. వేలుపయ్య పని విసుగొచ్చి రెండో వారంలోనే దేశాంతరం పోయాడు. అతని మూటలో తాళమున్న సంగతే ఎవరికీ తెలియదు. పాటలు వినే ఇళ్ళలో రహస్యాలన్నీ దొంగల పాలయ్యాయి.

రాజు పరుగున కొట్టు దగ్గరికొచ్చాడు, వెనకే తమ మూటలతో శంభన్న, నీలప్ప వచ్చారు. పెంచలమ్మ వేలుపయ్య మూట విప్పి, చెడిన తాళం పీకి కొత్తది బిగించింది. పాత పద్ధతే మళ్ళీ పెడతానన్నాడు రాజు. ఇంకొకరైతే మురిసిపోయేవాళ్ళు.

"వద్దు ప్రభూ. వీళ్ళు నన్ను దాటిపోయింది నా ఆలస్యం వల్లే. ప్రోగ్రాం చేసినవాళ్ళనే పంపనివ్వండి. తాళం మాత్రం కొట్టుదే వాడాలి, ప్రతి మూటా నా ముందు విప్పాలి. వారంలోగా నేను చూడకపోతే, ఈ కొట్టుకు మీరే తాళం వేయండి."

"వారం ఎక్కువ పెంచలమ్మక్కా, నాలుగు రోజులు," అన్నాడు శంభన్న.

"ఐదు," అంది ఆవిడ, అప్పటికే అతని మూట ముడి విప్పుతూ.

చేసేవాడికి చురుకుండాలి, చూసేవాడికి ఓపికుండాలి. ఏ ఒక్కరు లేకపోయినా మునిగేది నమ్మి వాడుకునేవాడే.