నూనె రథానికి బొమ్మల గుడ్డ

స్వామి దయవల్ల అందరం చల్లగా కూర్చున్నాం కదా, వినండి మరి.

ఆ వేకువ మంచులో కొత్త రథం నేలకు తగలకుండా తేలుతున్నట్టుంది. దశావతారాలు రాసిన గుడ్డను దానికి అంటించడానికి వచ్చిన సింగన్న, కొయ్యను తడిమి ఉలిక్కిపడ్డాడు. నిగనిగలాడాలని రథాధికారి పేర్రాజు దానికి ఆముదం పూయించాడు!

"నూనె మీద చింతగింజల జిగురు పట్టదు దొరా. ఉత్సవానికి మూడు రోజులుంది కదా, సున్నిపిండితో రుద్ది ఎండనివ్వండి."

"నాకే చెబుతావురా? ఇప్పుడే అంటించు. ఊరేగింపులో ఊడిందో, నిన్ను దేశం దాటిస్తాను!" అన్నాడు పేర్రాజు. తలంటు మధ్యలో లేచి వచ్చాడేమో, నుదుటి నుంచి నూనె కారుతోంది.

సింగన్న కళ్లు మూసుకుని స్వామిని తలచుకున్నాడు.

"చిత్తం దొరా. శుభమా అని ముందు తమరు నామం పెట్టుకోండి. అది నిలవగానే మొదలుపెడతాను."

పేర్రాజు దర్జాగా నామం దిద్దుకున్నాడు. అది ముక్కు మీదుగా మీసంలోకి జారింది. మళ్లీ దిద్దాడు. మళ్లీ జారింది. సింగన్న జిగురు గిన్నె పట్టుకుని వినయంగా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

మూడోసారీ జారాక పేర్రాజు మీసం తుడుచుకుంటూ గొణిగాడు: "ఆ సున్నిపిండేదో తెప్పించరా. ముందు నాకు, తరువాత రథానికి."

ఉత్సవంనాడు గుడ్డ మీద ఒక్క ముడత లేదు. మంచులో రథం కదులుతుంటే, మత్స్యమూర్తి ఈదుతున్నాడనే అనుకున్నారంతా.