తువ్వాలుతో తుడిచిన బోల్టు

సుంకన్న పానా తీసి నేలకేసి కొట్టాడు. అది రాయికి తగిలి ఎగిరి దూరంగా గడ్డిలో పడింది.

"దొంగ బ్యాటరీ బాబా! నాకే అంటగట్టినాడు ఆ మద్దిలేటిగాడు. పదండి, ఇప్పుడే ఆత్మకూరుకు పోదాం. నిన్న కాలరే పట్టుకున్నా. ఈసారి గొంతు పట్టుకుంటా."

జమాలుల్లా బాబా బండి నీడలో గోనెపట్టా పరుచుకుని ఉలవల్లో రాళ్లు ఏరుతున్నాడు.

ఆ బండి ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన చిన్న బస్సు. ఇప్పుడు అదే బాబాకు ఇల్లు, అదే ఆసుపత్రి. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక మందుల ఫ్రిజ్. ఏడాదిలో సగం రోజులు ఆ ఫకీరు నల్లమల అడవిలో చెంచు పెంటలు, ఆ చిన్న చిన్న గూడేలు, తిరుగుతూనే ఉంటాడు. బండి తోలేదీ, చెడితే బాగుచేసేదీ, తీరికగా ఉన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని నాలుగు మంచి మాటలు వినేదీ సుంకన్నే. తొమ్మిదేళ్ల శిష్యరికం. కోపం మాత్రం చేరిన రోజు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది, వీసమెత్తు తగ్గలేదు.

ఈసారి ఫ్రిజ్‌లో ఉన్నవి తట్టు టీకాలు. పోయిన నెల ఈ నక్కెరపెంటలోనే తట్టు పోసి ఇద్దరు పిల్లలు పోయారు. ఇంకా పదిహేడు మంది ఉన్నారు. వాళ్లకు వేయడానికే నర్సు ఎలీసమ్మ నంద్యాల నుంచి వెంట వచ్చింది.

నిజానికి నిన్న పొద్దున్నే రావాల్సింది. దారిలో ఫ్రిజ్ ఆగిపోయింది. బండిలో ఇంజనుకు ఒక బ్యాటరీ, ఫ్రిజ్‌కూ లైట్లకూ ఇంకొకటి. ఇంజను తిరుగుతుంటే రెండూ నిండాలి. రెండోది నిండలేదు. ఆత్మకూరులో మద్దిలేటి కొట్టు దగ్గర ఆపి కొత్తది వేయించారు. మద్దిలేటి బండి కిందికి తొంగి చూసి, "బ్యాటరీది కాదేమో అన్నా, ఎర్త్ వైరు ఒకసారి చూసుకో" అన్నాడు. అంతే, సుంకన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వైరు బిగించింది తనే మరి. "నా పనికి వంక పెడతావా?" అంటూ కాలర్ పట్టుకున్నాడు. జనం చేరారు, తోపులాట అయింది, పెద్దమనుషులు వచ్చారు, పొద్దు కాస్తా అక్కడే గుంకింది. ఇక్కడ తల్లులు నిన్నంతా దారి చూసి చూసి, ఈ పొద్దు పిల్లల్ని చంకనేసుకుని అడవికి పోయారు. సాయంత్రమైతే గానీ రారు.

ఇప్పుడు ఆ కొత్త బ్యాటరీ కూడా చచ్చి కూర్చుంది.

ఫ్రిజ్‌లోని టీకాలను ఎలీసమ్మ మంచు నింపిన మందుల పెట్టెలోకి మార్చింది. ఇప్పుడు దాని మూత తీసి చూసి గబుక్కున మూసింది. "సుంకన్నా, మంచు కరిగిపోతా ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఈ మందు పారబోయాల్సిందే. మళ్లీ తెప్పించాలంటే నెల పడుతుంది."

"తెలుసు సిస్టరమ్మా! చెవిలో జోరీగ మాదిరి ఎన్నిసార్లు చెప్తావ్?"

"పదిహేడు సార్లు చెప్తా. పదిహేడు మంది ఉన్నారు."

సుంకన్న పళ్లు నూరుకుంటూ మళ్లీ బండి కింద దూరాడు. పొద్దుటి నుంచీ ఇంజను ఆపుతూ తిప్పుతూనే ఉన్నాడు. ఫ్యాన్ బెల్టు బిగించాడు. డైనమో చూశాడు. ఫ్యూజులు మార్చాడు. ఇంజను బ్యాటరీ నుంచి వేరే తీగ లాగి ఫ్రిజ్‌కు తగిలించాడు, అయినా అది కిక్కురుమనలేదు. దాంతో ఫ్రిజ్ అమ్మినవాణ్ని తిట్టాడు. రోడ్డు వేసిన కాంట్రాక్టరును తిట్టాడు. చెట్ల నీడలో ఎందుకూ కొరగాని సోలార్ పలకను, దాన్ని పైన బిగించినవాణ్ని, వాడి వంశాన్నీ తిట్టాడు. అడవిలో తిట్టించుకోవడానికి ఇంక ఎవరూ మిగల్లేదు.

బయటికి వచ్చి భుజం మీది ఎర్ర తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు.

"సుంకా," అన్నాడు బాబా, "ఎన్నిసార్లు దూరినావు కిందికి?"

"ఆరుసార్లు."

"అన్నీ విప్పి చూసినావా?"

"అన్నీ చూసినా బాబా! ఒక్కటి వదల్లే. ఎవడు బిగించిందీ వదల్లే."

"ఆ తువ్వాలు ఇట్లా ఇయ్యి."

సుంకన్న విసుగ్గా ఇచ్చాడు. బాబా దాన్ని తన భుజాన వేసుకుని లేచాడు. గడ్డిలోకి పోయి పానా వెతికి తెచ్చాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుని, వెల్లకిలా పడుకుని, బండి కింద దూరాడు.

"అయ్యో, మీరెందుకు బాబా? బయటికి రండి, బురద!"

బాబా పోయి పోయి ఒకే ఒక్క బోల్టు దగ్గర ఆగాడు. బండి అడుగున, రెండో బ్యాటరీకీ ఫ్రిజ్‌కూ ఉమ్మడి ఎర్త్ వైరు బిగించిన బోల్టు. దాని మీద పసుపు, కుంకుమ బొట్టు ఇంకా చెక్కుచెదరలేదు. దసరాకు ఆయుధపూజ అని సుంకన్న బండి అడుగంతా కడిగి, రెండు పూతలు నల్లరంగు వేసి, అద్దంలా మెరిపించి, వైర్లన్నీ మళ్లీ తన చేత్తోనే బిగించి పెట్టిన బొట్టది. ఫకీరు బండికి ఆయుధపూజ ఏందిరా అని నవ్వినవాళ్లకు బాబానే పిలిచి ప్రసాదం పంచాడు. ఆ తర్వాత బండి ఇదే కదలడం. అన్నాళ్లూ ఊళ్లో దర్గా దగ్గర ఫ్రిజ్‌ను గోడ కరెంటుకు తగిలించి ఉంచారు.

ఆ బోల్టు చుట్టూ బురద లేదు. దాన్ని మాత్రం ఎవరో బొట్టు చెదరకుండా శుభ్రంగా తుడిచారు.

"ఆరుసార్లూ అన్నిటికీ పానా పెట్టినావు," అన్నాడు బాబా లోపలి నుంచి. "దీనికి మాత్రం తువ్వాలు పెట్టినావు."

అని పానా బోల్టుకు పెట్టి తిప్పాడు. పానా జారి నల్లరంగు మీద బర్రున గీత పడింది.

"ఆగు బాబా!" సుంకన్న ఒక్క ఉదుటున కింద దూరి ఆయన మణికట్టు పట్టేసుకున్నాడు. "రంగు పోతుంది!"

ఎలీసమ్మ మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. వంగి బండి కిందికి చూసింది.

"ఏం పోతుందన్నావ్?"

సుంకన్న తన చేతిలో ఉన్నది ఎవరి చెయ్యో అప్పుడు చూసుకున్నాడు. సిగ్గుతో తల దించుకుని మెల్లగా వదిలేశాడు. ఆ సన్నని మణికట్టు మీద వేళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి.

బాబా పానా అతని అరచేతిలో పెట్టి పక్కకు జరిగాడు.

సుంకన్న బోల్టు విప్పాడు. వైరు చివర ఉన్న రింగు లేపాడు. దాని కింద నల్లరంగు నిగనిగలాడుతోంది. రింగు ఇన్నాళ్లూ ఆ రంగు మీదే కూర్చుంది, ఇనుమును తాకనేలేదు. కరెంటు తిరిగి పోవాల్సిన దారికి అడ్డంగా రెండు పూతలు వేసింది ఏ మద్దిలేటో కాదు.

ఉప్పుకాగితం తీసుకుని రుద్దాడు. ఏ రంగును చూసి ఊరంతా మెచ్చుకుందో దాన్ని కసిదీరా గీకాడు. వేళ్ల చర్మం లేచినా ఆపలేదు. బొట్టు పోయింది, నలుపు పోయింది, తెల్లటి ఇనుము బయటపడింది. రింగు దాని మీద పెట్టి బిగించి, పోయి ఇంజను స్టార్టు చేశాడు.

చార్జింగ్ పచ్చలైటు వెలిగింది. ఒక క్షణం ఆగి, లోపల ఫ్రిజ్ గుయ్‌మంది.

"పదకొండూ నలభై," అంది ఎలీసమ్మ. వెంటనే మందు ఫ్రిజ్‌లో పెట్టేసింది.

సాయంత్రం తల్లులు వచ్చారు. పదిహేడు మందికీ సూది పడింది. పదిహేడు మందీ పెంట అదిరిపోయేలా ఏడ్చారు. సుంకన్న బండి వెనక చక్రానికి ఆనుకుని కూర్చుని ఆ ఏడుపులన్నీ విన్నాడు. పక్కన బాబా వచ్చి కూర్చున్నాడు.

"వాడు నిన్ననే చెప్పినాడు బాబా," అన్నాడు సుంకన్న. "ఎర్త్ చూసుకో అన్నా అని, మంచిగానే చెప్పినాడు. అందరి ముందరా కాలర్ పట్టుకున్నా."

బాబా భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి అతని చేతికిచ్చాడు.

"ముఖం తుడుచుకో. పొద్దున్నే ఆత్మకూరుకు పోదాం."