సూరమ్మత్త సామాను వెళ్ళొచ్చింది

కొబ్బరిపాలెంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే గవర్రాజు ఆలోచించకుండా తన ఇంటివైపే వేలు చూపించేవాడు. కుండలో నీళ్ళు ఒలికిపోకుండా ఉండాలంటే అసలు పొయ్యకూడదని కనిపెట్టింది వాళ్ళ తాతేనట. ఆ తెలివి తాతనుంచి తండ్రికి, తండ్రినుంచి గవర్రాజుకీ తమ్ముడు పోతురాజుకీ చుక్క కూడా కారకుండా దిగింది. గవర్రాజు పెళ్ళాంగా కాపరానికొచ్చిన చిట్టెమ్మ పుట్టింటినుంచి ఇంకాస్త పట్టుకొచ్చింది. అంతే, ఇంట్లో పట్టనంత తెలివైపోయింది.

ఈ అన్నదమ్ముల్ని పెంచింది మేనత్త సూరమ్మ. తల్లి పోయిన పిల్లల్ని పక్క ఊళ్ళో తన అద్దింటికి తీసుకుపోయి, అన్నం పెట్టి, మంచీ మర్యాదా నేర్పింది. “గడప దాటేటప్పుడు ‘వెళ్తాను’ అనకూడదురా, ‘వెళ్ళొస్తాను’ అనాలి. శుభకార్యానికి ఒట్టి చేతుల్తో పోకూడదు. నోటితో అన్న మాట తప్పకూడదు,” అనేది. చదివిన పాఠం ఒక్కటీ గుర్తులేదు గానీ, అత్త చెప్పిన ఈ మూడు ముక్కలూ గవర్రాజు ఏనాడూ మరిచిపోలేదు.

ఆఖరి రోజుల్లో సూరమ్మని గవర్రాజే తన ఇంటికి తెచ్చుకున్నాడు. పోయేముందు ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, “ముప్ఫై ఏళ్ళు ఉన్నానురా ఆ అద్దింట్లో. ఇంటాయనచేత ఒక్క మాట అనిపించుకోలేదు. నేను పోయాక అనిపించకండి,” అంది. అదే ఆవిడ ఆఖరి మాట. పెద్దకర్మ అయినా గవర్రాజుకి ముద్ద దిగలేదు. అత్త లేదన్న దుఃఖం ఒకవైపు, అత్త మాటపడిపోతుందేమోనన్న బెంగ ఇంకోవైపు.

ఇల్లుగలాయన మాణిక్యాలరావు నోట్లోంచి పరుషమైన మాట రాదు. ఆయన గవర్రాజుకి కబురుపెట్టి నెమ్మదిగానే చెప్పాడు.

“రేపు సాయంత్రం నాలుగింటికి మా అమ్మాయీ అల్లుడూ ఆ ఇంట్లో పాలు పొంగించి కాపరం పెడతారు బాబూ. ఈలోగా ఒక్క పుల్ల కూడా మిగలకుండా ఖాళీ చేసి, తాళంచెవి నాకిచ్చెయ్యి.”

మర్నాడు పొద్దున్నే గవర్రాజు బజారుకెళ్ళి ముఠామేస్త్రి ఎరకయ్యని కలిశాడు. ఒక వ్యానూ, నలుగురు మనుషులూ కావాలన్నాడు.

“బరువైన సామాన్లున్నాయాండి?” అన్నాడు ఎరకయ్య.

“అన్నిటికన్నా బరువు నా గుండేనయ్యా. అత్త పోయిన కాణ్ణించీ మొయ్యలేకపోతన్నాను.”

“దాన్ని తమరే మోసుకోండి బాబూ. బీరువా ఉందో లేదో చెప్పండి.”

అత్త అద్దింట్లో పని మొదలైంది. పగిలే సామాన్లని ఇంటివాళ్ళే ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండమన్నాడు ఎరకయ్య. పోతురాజు వంటింట్లో పీటేసుకు కూర్చుని చూడ్డం మొదలెట్టాడు. మనుషులు ఆవకాయ జాడీ ఎత్తారు. అది జారింది. జారుతుంటే చూశాడు, నేలకి తగులుతుంటే చూశాడు, నూనె తన కాళ్ళకిందికి వచ్చేదాకా రెప్ప వెయ్యలేదు.

“పట్టుకోలేకపోయావేంట్రా!” అన్నాడు గవర్రాజు.

“చూడమన్నారు గానీ పట్టుకోమన్నారా అన్నయ్యా?”

గవర్రాజు ఆలోచించాడు. నిజమే. ఇంత శ్రద్ధగా ఎవరు చూస్తారని తమ్ముడి భుజం తట్టాడు.

మధ్యాహ్నానికి మంచం, బీరువా, రుబ్బురోలు, అత్త ముక్కాలిపీట అన్నీ వ్యానెక్కాయి. ఎరకయ్య చేతులు దులుపుకున్నాడు. చిట్టెమ్మ మాత్రం నడుంమీద చెయ్యేసుకుని ఇల్లంతా ఒక చుట్టు చుట్టొచ్చింది.

“ఏవండీ, ఒక్క పుల్ల మిగలకూడదన్నారు కదా. మరి ఆ తలుపులు దేంతో చేశారు?”

“కర్రతో.”

“కర్రని చీలిస్తే ఎన్ని పుల్లలొస్తాయి?”

గవర్రాజుకి ఒళ్ళు జలదరించింది. అమ్మో, ఇంకాస్తలో అత్త మాటపడిపోయేది! అంతే, వీధితలుపు ఊడింది, పెరటితలుపు ఊడింది, కిటికీరెక్కలూ ఊడాయి.

“బాబూ, ఇవి ఇంటాయనవండి!” అని ఎరకయ్య మొత్తుకున్నాడు.

“ఖాళీ చెయ్యమన్నదీ ఇంటాయనేనయ్యా,” అన్నాడు గవర్రాజు.

పోతురాజు వ్యానెక్కి, పడుకోబెట్టిన వీధితలుపు రెక్కలకి గొళ్ళెం పెట్టి తాళం వేశాడు. తలుపు ఎక్కడుంటే తాళం అక్కడే కదా.

తాళంచెవి పట్టుకుని ముగ్గురూ రెండు వీధుల అవతల ఉన్న మాణిక్యాలరావు ఇంటికి వెళ్ళారు. ఆయన పంతులుగారితో హడావిడిలో ఉన్నాడు.

“ఒక్క పుల్లా లేదు కదా?”

“గడపొక్కటే ఉంచామండి. దాటాలి కదండీ,” అన్నాడు గవర్రాజు.

వేళాకోళం అనుకుని ఆయన నవ్వాడు. “సూరమ్మగారి పెంపకం మరి! ముప్ఫై ఏళ్ళలో ఆవిణ్ణి ఒక్క మాట అనే పని రాలేదు,” అన్నాడు. గవర్రాజుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ముగ్గురూ చేతులు జోడించి, “వెళ్ళొస్తామండి,” అన్నారు.

వ్యాను కొబ్బరిపాలెం చేరింది. మనుషులు తాళ్ళు విప్పుతున్నారు. గవర్రాజు ఉన్నట్టుండి రెండు చేతులూ అడ్డంపెట్టాడు.

“ఆగండి! మనం ఏమని బయల్దేరాం?”

“వెళ్ళొస్తామని,” అంది చిట్టెమ్మ.

“వెళ్ళామా?”

“వెళ్ళాం.”

“మరి వచ్చామా?”

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎంత ప్రమాదం తప్పింది! అత్త ఉంటే చెవి మెలేసేది.

“పాలు పొంగించే ఇంటికి ఒట్టి చేతుల్తో ఎలా వెళ్తాం అన్నయ్యా?” అన్నాడు పోతురాజు.

“ఒట్టి చేతులేంట్రా, వ్యానునిండా ఉంటేనూ!”

ఇంకేముంది, విప్పిన తాళ్ళు మళ్ళీ బిగిశాయి. ఎరకయ్య తలపాగా తీసి నెత్తి గోక్కుని వ్యానెక్కాడు.

అక్కడ మాణిక్యాలరావు తాళంచెవి చేత్తో పట్టుకుని, తాళం కోసం గుమ్మమంతా వెతుకుతున్నాడు. తలుపుల్లేని ఇంట్లోంచి ఒక మేక మామిడితోరణం నములుతూ బయటికొచ్చింది. కూతురూ అల్లుడూ పాలగిన్నెతో వీధిలో నిలబడ్డారు. పంతులుగారు ముహూర్తం, ముహూర్తం అంటున్నారు. సరిగ్గా అప్పుడే వ్యానొచ్చి ఆగింది.

“వచ్చేశామండి!” అన్నాడు గవర్రాజు.

తలుపులు చూసి ఆయన ప్రాణం లేచొచ్చింది. కానీ తలుపుల వెనక మంచం దిగింది, మంచం వెనక బీరువా దిగింది. ఏది ఎక్కడుండేదో గవర్రాజుకి కంఠస్థం. ముక్కాలిపీటని పొయ్యిపక్కన పెట్టేసరికి అత్త ఇంట్లోనే ఉన్నట్టనిపించి, అక్కడే చతికిలబడి బావురుమన్నాడు. ఇంటాయన కూతురు అతని నెత్తిమీదుగా వంగి పాలు పొంగించుకుంది.

మాణిక్యాలరావు మొహం కందగడ్డయింది. నోరు తెరిచాడు. గవర్రాజు ఏడుపు ఆపి ఆయన నోటివైపే చూశాడు. అయిపోయింది, ముప్ఫై ఏళ్ళ పేరు గంగలో కలిసిపోయింది!

శుభమా అని పాలు పొంగిన ఇల్లు. చెడ్డమాట అనకూడదు, “పొండి” అనకూడదు. ఆయన గుటక మింగాడు. ఇంకో గుటక మింగాడు. చివరికి రెండు చేతులూ జోడించి, “నాయనా, తలుపులు మాత్రం ఇక్కడుంచి, మిగతా సామానంతా తీసుకుని... వెళ్ళిరండి,” అన్నాడు.

వ్యాను కదిలాక గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు.

“చూశారా, ఒక్క మాట అనలేదు. పైగా మళ్ళీ రమ్మన్నాడు. అదీ అత్త సంపాదించిన మర్యాద!”

“పిలిచాక వెళ్ళకపోతే బాగోదు,” అంది చిట్టెమ్మ. “కానీ ఇందాక తీసుకెళ్ళినవే మళ్ళీ తీసుకెళ్తే ఏం గౌరవం?”

గవర్రాజు ఆలోచించాడు. నిజమే.

దీపాలు పెట్టే వేళకి మాణిక్యాలరావు వీధిలో హారను వినపడింది. ఈసారి రెండు వ్యాన్లు. రెండోదాంట్లో గవర్రాజు ఇంటి సామానంతా ఉంది. అన్నిటికన్నా పైన, తాళం వేసిన తమ ఇంటి వీధితలుపుమీద, కాలుమీద కాలేసుకుని పోతురాజు కూర్చున్నాడు.