కుందేలు కోసం కూడా లేచిన కొండ

అది శ్రావణ బహుళ తదియ, శనివారం. రాత్రంతా కుండపోతగా కురిసిన వాన తెల్లవారేసరికి వెలిసింది. పడమటి గాలికి సన్నని తుంపర మాత్రం ఇంకా పడుతోంది. పాలధార అడవిలోని కణుజు దుప్పులు, కుందేళ్ళు, ఉడుములు, దుమ్ములగొండి, ముళ్ళపంది, అన్నీ జలపాతం ఎదుట చేరాయి. ముందురోజు ముసలి ఎలుగుబంటి చనిపోయింది. దాని గుహ ఎవరికి చెందాలో ఆ రోజు తేలాలి.

ఎంత వాన పడినా ఆ గుహలో చుక్క కారదు. వాకిట్లో నేరేడు చెట్టు ఉంది, పైన తేనెపట్టు ఉంది. లోపల ఒక మూల సూదమ్మ అనే ముళ్ళపంది తన పిల్లలతో కాపురం ఉంటోంది. ముసలి ఎలుగు కాళ్ళు పడిపోయాక దుంపలు తవ్వి తెచ్చి పెట్టింది ఆమే.

ముళ్ళపంది తన ముళ్ళను బాణాల్లా విసురుతుందని కొందరు చెబుతారు. అది నిజం కాదు. వదులుగా ఉన్న ముళ్ళు తగిలినచోట గుచ్చుకుని ఊడిపోతాయి, అంతే. చూడకుండా చెప్పే మాటలు ఇలాగే ఉంటాయి. సరే, కథలోకి వద్దాం.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. గుహ కావాలనుకున్నవాడు జలపాతం ఎదుట ఉన్న బండ మీద కూర్చోవాలి. పడే నీళ్ళ మీదనుంచి చూపు తిప్పకుండా చాలాసేపు చూడాలి. తర్వాత పక్కనున్న నల్లకొండను చూడాలి. కొండ ఎవరికోసం లేస్తే గుహ వారిది. మిగిలినవాళ్ళు ఆ బండ ఎక్కకూడదని ఎవరూ చెప్పలేదు. అయినా ఎవరూ ఎక్కేవారు కాదు. వెనక నిలబడి కూర్చున్నవాడి ముఖం చూసేవారు.

అందరికంటే ముందు చారలయ్య అనే దుమ్ములగొండి బండెక్కి కూర్చున్నాడు. రెప్ప వాల్చకుండా నీళ్ళను చూశాడు. ఆ తర్వాత కొండవైపు తిరిగి ఎగిరి గంతేశాడు.

"లేచింది! నన్ను చూసి కొండ లేచి నిలబడుతోంది!"

అతను అబద్ధం చెప్పలేదు. అతనికి నిజంగానే కొండ మెల్లగా పైకి జరుగుతున్నట్టు కనిపించింది.

"ఏమే సూదమ్మా, విన్నావుగా? చీకటిపడే లోపల నీ ముళ్ళమూకను తీసుకుని బయటికి నడు" అన్నాడు చారలయ్య.

వానాకాలం ఇంకా సగమైనా గడవలేదు. పిల్లలకింకా ముళ్ళు గట్టిపడలేదు. ఎక్కడికని వెళ్తుంది? దిక్కుతోచక సూదమ్మ కొండవైపు చూసింది. కొండకూ పక్కనున్న మద్దిచెట్టుకూ మధ్య ఒక సాలెగూడు ఉంది. దాని మీద తుంపర చుక్కలు మెరుస్తున్నాయి. ఒక్క పోగైనా తెగలేదు.

'కొండ లేస్తే ఈ గూడు ఎలా నిలిచింది?' అనుకుంది సూదమ్మ.

"కణుజు తాతా, నేనూ ఒకసారి కూర్చుంటాను" అంది.

చారలయ్య పకపకా నవ్వాడు. "కూర్చో, కూర్చో! కొండ మాట దేవుడెరుగు, గులకరాయి కూడా లేవదు నీకు."

పెద్దమనిషిగా ఉన్న కణుజు తాత తలూపాడు. సూదమ్మ కూర్చుంది. చాలాసేపు నీళ్ళను చూసి, కొండవైపు తిరిగింది. కొండ లేచింది! ఆమె గబుక్కున సాలెగూడు వైపు చూసింది. గూడు చెక్కుచెదరలేదు.

"నాకూ లేచింది" అంది నెమ్మదిగా.

"ఇంకేం అత్తా, గుహ నీదే!" అంది కుందేలు.

ఔనంటే చాలు, గుహ దక్కేదే. సూదమ్మ ఒక్క క్షణం పిల్లలవైపు చూసింది. తర్వాత బండ దిగింది.

"తొందరపడకు. నువ్వూ కూర్చుని చూడు."

కుందేలు కూర్చుంది, చూసింది, చెవులు నిక్కించింది. "అమ్మో, నాకూ లేస్తోంది! నాకు గుహ ఎందుకు బాబూ, అందులో గాలాడదు!"

అందరూ నవ్వారు. ఆ తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు. అందరికోసమూ కొండ లేచింది. సాలెగూడు మాత్రం అలాగే ఉంది.

"ఇదేం మాయ తల్లీ?" అన్నాడు కణుజు తాత.

"మాయ కాదు తాతా. చలికాలంలో ఉసిరికాయ తిని నీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయి కదా? వాగులో తీపి ఎవరైనా కలిపారా? అది నాలుక చేసిన పని. ఇది కన్ను చేసిన పని."

సూదమ్మ చెప్పింది నిజమే. మన చూపులో కిందికి కదిలేవాటిని పట్టుకునే పక్షం ఒకటి, పైకి కదిలేవాటిని పట్టుకునే పక్షం ఒకటి ఉంటాయి. మామూలుగా ఆ రెండూ సమానంగా ఉంటాయి. అందుకే కదలనిది కదలనట్టే కనిపిస్తుంది. పడే నీళ్ళను అదేపనిగా చూస్తే కిందికి చూసే పక్షం అలసిపోతుంది. అప్పుడు కదలని కొండను చూస్తే, అలసిపోని రెండో పక్షానిది పైచేయి అవుతుంది. కొండ పైకి పోతున్నట్టు తోస్తుంది. కాసేపటికి అలసట తీరి, కొండ మళ్ళీ కుదురుగా కనిపిస్తుంది.

చారలయ్యకు ఇదేమీ రుచించలేదు.

"మీకు ఊరికే అలా అనిపించింది. నాకు నిజంగా లేచింది. కావాలంటే దానిమీద ఎక్కి పైకి వెళ్ళి చూపిస్తాను!"

"వద్దు చారలన్నా, బండకూ కొండకూ మధ్య కింద గుండం ఉంది" అంది సూదమ్మ.

అతను వినలేదు. మళ్ళీ నీళ్ళను చూశాడు. కొండ లేస్తున్నట్టు కనిపించగానే, దాని అంచు ఇంకా పైకి వెళ్ళి ఉంటుందనుకుని కాలు బాగా ఎత్తి వేశాడు. అంచు ఎప్పుడూ ఉన్నచోటే ఉంది. కాలు గాలిలో పడింది. చారలయ్య గుండంలో పడ్డాడు.

తడిసి, కుంటుతూ ఒడ్డెక్కాడు. ఎవరివైపూ చూడకుండా పొదల్లోకి వెళ్ళిపోయాడు.

కణుజు తాత గొంతు సవరించుకున్నాడు. "ఈ ఆచారం ఇవాళ్టితో సరి. ముసలాయన ఆకలి చూసింది ఎవరు? నాకు అది చాలు."

గుహ సూదమ్మకూ ఆమె పిల్లలకూ దక్కింది. రాలిన నేరేడుపళ్ళు కుందేళ్ళకు వచ్చాయి. తేనెపట్టు తేనెటీగలదే అన్నారు. జలపాతం ఎదుటి బండ అడవిలోని పిల్లలందరిదీ అయింది. వాళ్ళు రోజూ దానిమీద కూర్చుని కొండను లేపి ఆడుకుంటున్నారు. సాలీడు గూడు సాలీడుకే ఉంది. చారలయ్యకు ఏమీ దక్కలేదు.

నీతి: కంటికి కనిపించిందని నమ్మేముందు పరీక్షించి చూడాలి, లోకం తనకోసమే లేచి నిలబడిందనుకునేవాడు కాలు పెట్టే చోటు కూడా తప్పుతాడు.